గ్యాస్ ధరల తగాదాను చదివే పద్ధతి: అమ్మే దేశానికీ దారిచ్చే దేశానికీ మధ్య లెక్కలు విడదీయడం

చలికాలం దగ్గర పడుతుండగా ఒక రకం వార్త తరచుగా వస్తూ ఉంటుంది. సహజవాయువు అమ్మే దేశం ధర పెంచానంటుంది, పైప్‌లైన్‌కు దారిచ్చే పొరుగు దేశం అంత కట్టలేనంటుంది, ఎవరో ఒకరు వాల్వు తిప్పేస్తారు, చివరికి ఈ గొడవతో ఏ సంబంధమూ లేని మూడో దేశంలో జనం చలికి వణుకుతారు. పత్రికల శీర్షికకు ఎక్కేది మాత్రం ఒక్క అంకె: వెయ్యి ఘనపు మీటర్లకు ఇన్ని డాలర్లు. ఆ ఒక్క అంకెను పట్టుకుని న్యాయం ఎవరి పక్షాన ఉందో తేల్చాలని చూస్తే పొరబడడం ఖాయం. నిజానికి అక్కడ నాలుగు వేర్వేరు పద్దులు నడుస్తుంటాయి: గ్యాస్ ధర, దారి రుసుము, పాత బాకీ, పైప్‌లైన్ మీద హక్కు. తగాదాకు దిగిన రెండు పక్షాలూ ఈ నాలుగింటినీ కావాలనే ఒక్క మూటగా కట్టి మాట్లాడతాయి, ఎందుకంటే ఒక పద్దులో పోయింది మరో పద్దులో రాబట్టుకోవచ్చు. ఆ మూటను విప్పి చూసే పద్ధతిని, ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల అనుభవం ఆధారంగా, ఇక్కడ వివరిస్తున్నాను. ఈ విషయంలో అంత లోతుగా పరిశీలించదగిన ఉదాహరణ మరొకటి లేదు.

ముందు కొలత, తరువాత ధర

రెండు ధరలను పోల్చే ముందు అవి ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూడాలి. రష్యా, మధ్య ఆసియా ఒప్పందాలు వెయ్యి ఘనపు మీటర్లకు డాలర్లలో రాస్తాయి. యూరప్ మార్కెట్లు మెగావాట్ అవర్‌కు యూరోలలో చెబుతాయి. ఓడల్లో వచ్చే ద్రవీకృత వాయువును ఎంఎంబీటీయూకు (పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, వేడిని కొలిచే ప్రమాణం) డాలర్లలో అమ్ముతారు. వెయ్యి ఘనపు మీటర్లంటే సుమారు పదిన్నర మెగావాట్ అవర్లు, లేదా సుమారు 36 ఎంఎంబీటీయూలు. అంటే యూరప్ మార్కెట్లో మెగావాట్ అవర్ 30 యూరోలు పలికితే, వెయ్యి ఘనపు మీటర్లకు సుమారు 315 యూరోలు పలికినట్టు లెక్క.

ఘనపు మీటరులోనూ ఒక మెలిక ఉంది. రష్యన్ ప్రమాణం వాయువును 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తుంది, యూరప్‌లో వాడే సాధారణ ఘనపు మీటరు సున్నా డిగ్రీల వద్ద కొలుస్తుంది. వేడికి వాయువు వ్యాకోచిస్తుంది కాబట్టి ఈ రెంటికీ ఏడు శాతం వరకు తేడా వస్తుంది. ఒక పక్షం ఇంత పంపానని, మరో పక్షం అంత అందలేదని అంటున్నప్పుడు, దొంగతనం అన్న మాట నమ్మేముందు ఈ తేడాను తీసివేసి చూడండి.

దారి రుసుముకు కొలత వేరు. అది వెయ్యి ఘనపు మీటర్లను 100 కిలోమీటర్లు మోసినందుకు ఇంత అని ఉంటుంది. అందువల్ల అది చూడడానికి చాలా చిన్న అంకెగా కనిపిస్తుంది. 1.60 డాలర్ల రుసుము అంటే పెద్దగా ఏమీ అనిపించదు గాని, ఉక్రెయిన్ మీదుగా పశ్చిమ సరిహద్దు దాకా ఉన్న సుమారు 1,240 కిలోమీటర్ల దూరానికి లెక్కిస్తే అది వెయ్యి ఘనపు మీటర్లకు దాదాపు 20 డాలర్లవుతుంది. ఈ గుణకారం చేయకుండా ధరనూ రుసుమునూ పక్కపక్కన పెట్టి వ్యాఖ్యానించే కథనాన్ని నేనైతే అక్కడే పక్కన పెడతాను.

ధర ఎక్కడ పుట్టిందో అడగండి

సహజవాయువుకు చాలాకాలం సొంత ధర అంటూ లేదు. నెదర్లాండ్స్‌లో 1959లో గ్రోనింగెన్ క్షేత్రం బయటపడిన తరువాత, గ్యాస్ తవ్వితీయడానికి ఎంత ఖర్చయింది అన్న ప్రశ్నను పక్కన పెట్టి, వినియోగదారుడు గ్యాస్ బదులు వేరే ఇంధనం వాడితే అతనికి ఎంత ఖర్చయ్యేది అన్న ప్రశ్న నుంచి ధర కట్టే పద్ధతి స్థిరపడింది. ఆ వేరే ఇంధనం సాధారణంగా చమురు ఉత్పత్తే కాబట్టి, దీర్ఘకాలిక ఒప్పందాల్లో గ్యాస్ ధర డీజిల్ వంటి గ్యాసాయిల్‌కూ ఫ్యూయెల్ ఆయిల్‌కూ ముడిపడింది. అక్కడి నుంచి రవాణా ఖర్చును వెనక్కి తీసివేసుకుంటూ వస్తే ఉత్పత్తిదారు సరిహద్దు వద్ద ధర తేలుతుంది. దీన్నే నెట్‌బ్యాక్ అంటారు. ఇటీవలి దశాబ్దాలలో యూరప్ ఒప్పందాలు చాలావరకు నెదర్లాండ్స్‌లోని టీటీఎఫ్ వంటి హబ్‌ల (గ్యాస్‌ను బహిరంగంగా కొని అమ్మే మార్కెట్ కేంద్రాల) ధరలకు మళ్లాయి.

అమ్మే దేశం మేము యూరప్ ధరే అడుగుతున్నాము అన్నప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది: ఎక్కడి యూరప్ ధర, రవాణా ఖర్చు తీసివేశాకా, తీసివేయకముందా? ఉదాహరణకు జర్మనీ సరిహద్దులో గ్యాస్ 300 డాలర్లు పలుకుతోందనీ, దారిచ్చే దేశం తూర్పు సరిహద్దు నుంచి అక్కడికి మోయడానికి 40 డాలర్లవుతోందనీ అనుకుందాం. ఆ దేశం తన తూర్పు సరిహద్దులో తీసుకునే గ్యాస్‌కు నెట్‌బ్యాక్ ప్రకారం 260 డాలర్లు మించి కట్టవలసిన పని లేదు. అడిగిన ధర అంతకంటే ఎక్కువైతే అది మార్కెట్ ధర కాదు. బాగా తక్కువైతే అది రాయితీ, ఆ రాయితీకి బదులు ఏదో ఒకటి మరో పద్దులో తప్పక ఉంటుంది.

అంకె కంటే సూత్రం ముఖ్యం అనడానికి 2009 నాటి ఒప్పందం కంటే మంచి ఉదాహరణ లేదు. 2008 చివర రష్యా ప్రభుత్వ గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ 250 డాలర్లు అడిగినప్పుడు ఉక్రెయిన్ ఒప్పుకోలేదు. మూడు వారాల ప్రతిష్టంభన తరువాత 2009 జనవరి 19న పదేళ్ల ఒప్పందం కుదిరింది. అందులో మూలధర 450 డాలర్లు, ఆ ఏడాదికి 20 శాతం తగ్గింపు, కాబట్టి మొదటి త్రైమాసికానికి 360. శీర్షికలు చదివినవారికి ఉక్రెయిన్ ఘోరంగా ఓడిపోయినట్టు కనిపించింది. అయితే ఆ ధర తొమ్మిది నెలల చమురు ఉత్పత్తుల సగటుకు ముడిపడి ఉంది. 2008 మధ్యలో చమురు ఆకాశాన్నంటి తరువాత కూలిపోయింది కాబట్టి, ఆ పతనం ఆలస్యంగా గ్యాస్ ధరలోకి దిగి, అదే ఏడాది మూడో త్రైమాసికంలో ధర 200 డాలర్ల లోపుకు వచ్చింది. ఆ తరువాత చమురు మళ్లీ పెరిగింది. 2012 నాటికి, మధ్యలో దక్కిన మరో రాయితీని లెక్కలోకి తీసుకున్నా సరే, ధర 400 దాటింది. ఓటమి నిజమే, కాకపోతే అది అంకెలో లేదు, సూత్రంలో ఉంది. అందుచేత ఒప్పందం వార్తలో మూలధర, సూచిక (ధర దేనికి ముడిపడింది), ఆలస్యం (ఎన్ని నెలల సగటు) అనే మూడు మాటలు వెతకండి. అవి లేకపోతే ధర ఇంకా తెలియనట్టే.

రెండు పద్దులను పక్కపక్కన పెట్టి చూడటం

2005లో ఉక్రెయిన్ వెయ్యి ఘనపు మీటర్లకు 50 డాలర్లు చెల్లించేది. దారి రుసుము 1.09 డాలర్లు ఉండేది, ఆ రుసుములో చాలా భాగం నగదుగా కాక గ్యాస్ రూపంలోనే ముట్టేది. గాజ్‌ప్రోమ్ మొదట 160, తరువాత 230 డాలర్లు అడిగింది. 2006 జనవరి 1న ఉక్రెయిన్‌కు వెళ్లవలసిన మేర గ్యాస్‌ను పైప్‌లైన్‌లోకి ఎక్కించడం ఆపివేసింది, ఒకే గొట్టంలో ఇద్దరి గ్యాస్ నడుస్తుంది కాబట్టి యూరప్‌లోనూ ఒత్తిడి పడిపోయింది. జనవరి 4న రాజీ కుదిరింది.

ఆ రాజీలో 230 ఉంది, 95 కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లో నమోదైన రోస్‌ఉక్రెనెర్గో అనే మధ్యవర్తి సంస్థ రష్యన్ గ్యాస్‌ను 230 డాలర్లకు కొని, దానిలో చౌకైన మధ్య ఆసియా గ్యాస్‌ను కలిపి, ఉక్రెయిన్‌కు 95 డాలర్లకు అమ్ముతుంది. దారి రుసుము 1.60కి పెరుగుతుంది, నగదుగా ముడుతుంది. మాస్కో తాను 230 సాధించానని, కీవ్ తాను 95తో బయటపడ్డానని చెప్పుకున్నాయి. రెండూ అబద్ధం కావు. మధ్యలోకి ఒక సంస్థ వచ్చి కూర్చుందంటే, ఇద్దరూ తమ ప్రజలకు చెప్పుకోవడానికి రెండు వేర్వేరు అంకెలు కావలసి వచ్చాయని అర్థం చేసుకోవాలి.

ఇక్కడ పెన్సిలు పట్టుకుని మోటుగా లెక్క వేద్దాం. ఉక్రెయిన్ ఆ రోజుల్లో ఏడాదికి సుమారు 5,500 కోట్ల ఘనపు మీటర్లు కొనేది, యూరప్ కోసం సుమారు 11,500 కోట్లు దాటించేది. ధర 50 నుంచి 95కు పెరిగితే అదనపు ఖర్చు దాదాపు 250 కోట్ల డాలర్లు. రుసుము 1.09 నుంచి 1.60కి పెరిగితే, 1,240 కిలోమీటర్ల దూరానికి వెయ్యి ఘనపు మీటర్ల మీద ఆరు డాలర్ల పైచిలుకు, అంటే మొత్తం 70 కోట్ల డాలర్లకు పైగా అదనపు రాబడి. అప్పటిదాకా కొన్న గ్యాసంతా సరిగ్గా 50 డాలర్లకే వచ్చేది కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా దారిచ్చే దేశం చేతిలో తాళంచెవి ఉందనే మాటకు విలువ ఎంతో ఈ లెక్క చెబుతుంది: పెరిగిన ధరలో మూడో వంతును కూడా రుసుము భర్తీ చేయలేకపోయింది.

వాల్వు దగ్గర ఏమి జరిగింది

గ్యాస్ ఆగిందన్న వార్త వచ్చినప్పుడు ఎవరు ఆపారన్న ప్రశ్నకు సమాధానం అంత సులువుగా దొరకదు. 2009 జనవరిని దగ్గరగా చూడండి. జనవరి 1న ఉక్రెయిన్‌కు సరఫరా ఆగింది, 7న యూరప్ వైపు ప్రవాహం కూడా పూర్తిగా ఆగింది, 20న తిరిగి మొదలైంది. బల్గేరియా, స్లొవేకియా అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి, ఎందుకంటే వాటికి అప్పట్లో వేరే దారి లేదు.

ఆ మధ్యలో నలిగినది కంప్రెసర్ గ్యాస్ అనే చిన్న పద్దు. గ్యాస్ దానంతట అది వేల కిలోమీటర్లు పారదు. దారి పొడవునా కంప్రెసర్ స్టేషన్లు దాన్ని నెడుతుండాలి, ఆ యంత్రాలు అదే గ్యాస్‌ను మండించి నడుస్తాయి. ఆ ఇంధనం ఎవరు ఇవ్వాలి? రవాణా చేసే బాధ్యత మీది కాబట్టి మీరే ఇవ్వాలని గాజ్‌ప్రోమ్ వాదించింది, మాకు గ్యాస్ ఆపివేసి మీ గ్యాస్ మోయడానికి మా గ్యాస్ కాల్చమంటారా అని ఉక్రెయిన్ వాదించింది. ఉక్రెయిన్ అందుకోసం గ్యాస్ వాడుకుంటే దాన్నే రష్యా పక్షం దొంగతనమంది.

యూరోపియన్ యూనియన్ పరిశీలకులు మీటరింగ్ స్టేషన్లకు చేరుకున్నాక, జనవరి 13న గాజ్‌ప్రోమ్ సుద్జా అనే ప్రవేశ స్థానం గుండా బాల్కన్ల కోసం కొంత గ్యాస్ పంపుతామంది. చూసేవారికి సరఫరా మొదలైనట్టే. కాని మొత్తం ప్రవాహం ఆగిపోయి ఉండగా ఉక్రెయిన్ తన పశ్చిమ ప్రాంతపు భూగర్భ నిల్వల నుంచి గ్యాస్‌ను తూర్పుకు తిప్పి సొంత నగరాలకు పంపుతోంది. ఆ సుద్జా గ్యాస్‌ను ఒప్పుకుంటే తన తూర్పు ప్రాంతాలకు గ్యాస్ ఆపవలసి వస్తుందని చెప్పి నిరాకరించింది. మేము పంపితే వారు తీసుకోలేదని ఒకరు, తీసుకోలేని చోట పంపారని మరొకరు అన్నారు. కనుక ప్రవాహం ఆగిన వార్తలో పరిమాణం మాత్రమే కాదు, ఏ ప్రవేశ స్థానం, ఏ నిష్క్రమణ స్థానం, ఒత్తిడి ఎంత, నిల్వ గ్యాస్ ఏ దిక్కుకు పారుతోంది అని అడగాలి. పటం ముందు పెట్టుకోకుండా ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

ధరలో దాక్కున్న వేరే వస్తువులు

తక్కువ ధర అంటే ఎక్కడో మరేదో చేతులు మారిందని చెప్పాను. బెలారుస్ విషయంలో అది పైప్‌లైనే. 2006లో 46.68 డాలర్లు కట్టిన బెలారుస్‌కు, ఆ ఏడాది చివరి రాత్రి, కొత్త సంవత్సరానికి కొద్ది నిమిషాల ముందు 100 డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటి యూరప్ ధరలతో పోలిస్తే అది ఇంకా చౌకే. అదే ఒప్పందంలో బెలారుస్ గ్యాస్ రవాణా సంస్థ బెల్‌ట్రాన్స్‌గాజ్‌లో సగం వాటాను 250 కోట్ల డాలర్లకు గాజ్‌ప్రోమ్ విడతలవారీగా కొనుక్కుంది. 2011లో మిగిలిన సగాన్ని మరో 250 కోట్లకు తీసుకుంది. అంతటితో దారిచ్చే దేశానికి దారి మీద యాజమాన్యం లేకుండా పోయింది. దానికి ఏడాది ముందు, 2010 జూన్‌లో, గ్యాస్ బాకీ 19.2 కోట్ల డాలర్లని రష్యా పక్షం, దారి రుసుము బాకీ 26 కోట్ల డాలర్లని బెలారుస్ పక్షం ఎదురుబదురుగా నిలబడ్డాయి. ఇలాంటి చోట మీరు చూడవలసినది ఎవరి బాకీ పెద్దదన్నది కాదు, ఒక బాకీని మరో బాకీకి చెల్లు వేసుకునే హక్కు ఒప్పందంలో ఉందా లేదా అన్నది.

ఉక్రెయిన్ విషయంలో ఆ వస్తువు నౌకాస్థావరం. 2010 ఏప్రిల్ ఖార్కివ్ ఒప్పందంలో, క్రిమియాలోని సెవస్తోపోల్‌లో రష్యన్ నల్లసముద్ర నౌకాదళం 2017 తరువాత మరో 25 ఏళ్లు ఉండడానికి ఉక్రెయిన్ అంగీకరించింది, బదులుగా గ్యాస్ మీద 100 డాలర్ల దాకా తగ్గింపు లభించింది. ఆ తగ్గింపును గాజ్‌ప్రోమ్ తన లాభం నుంచి ఇవ్వలేదు, రష్యా ప్రభుత్వం ఎగుమతి సుంకం వదులుకోవడం ద్వారా ఇచ్చింది. 2013 డిసెంబరులో మరో రాయితీ కలిసి ధర 268.50కి దిగింది. 2014 ఏప్రిల్‌లో అది 485కు ఎగబాకినప్పుడు ఒక్కసారిగా 80 శాతం పెరిగిందని వార్తలు వచ్చాయి. విడదీసి చూస్తే రెండు మెట్లు కనిపిస్తాయి: డిసెంబరు నాటి రాయితీ రద్దుతో 385.50, క్రిమియా విలీనం తరువాత ఖార్కివ్ ఒప్పందాన్ని రష్యా రద్దు చేయడంతో మరో 100. మొదటి మెట్టు వాణిజ్య వివాదమని కష్టపడి వాదించవచ్చు, రెండోది ఏ విధంగా చూసినా గ్యాస్ లెక్క కాదు.

ఒప్పందంలో వెతకవలసిన మాటలు

టేక్ ఆర్ పే అంటే తీసుకున్నా తీసుకోకపోయినా ఒక కనీస పరిమాణానికి డబ్బు కట్టాలి. 2009 ఒప్పందంలో ఇది ఏడాదికి 5,200 కోట్ల ఘనపు మీటర్లలో 80 శాతం. షిప్ ఆర్ పే దీనికి అద్దంలో బొమ్మ వంటిది: పంపించినా పంపించకపోయినా దారి రుసుము కట్టాలి. 2009లో ఉక్రెయిన్ మొదటి భారాన్ని నెత్తిన ఎత్తుకుంది, రెండో రక్షణను గట్టిగా రాయించుకోలేదు. అయితే రవాణా ఒప్పందంలో ఏడాదికి 11,000 కోట్ల ఘనపు మీటర్లు పంపుతామన్న మాట ఉంది, తరువాత అదే ఉక్రెయిన్‌కు పనికొచ్చింది.

మూడోది ధర పునఃపరిశీలన నిబంధన, నాలుగోది వివాదం ఎక్కడ తేల్చుకోవాలన్నది. ఈ రెండు వాక్యాలు ఉంటే గొడవ చివరికి వాల్వుల దగ్గర కాక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ముందు తేలుతుంది. స్టాక్‌హోం ట్రిబ్యునల్ 2017 డిసెంబరులో సరఫరా ఒప్పందం మీద తీర్పు ఇస్తూ 2014 రెండో త్రైమాసికపు ధరను 485 నుంచి 352 డాలర్లకు తగ్గించింది, టేక్ ఆర్ పే బకాయిల కింద గాజ్‌ప్రోమ్ కోరిన వేల కోట్ల డాలర్లను తోసిపుచ్చింది. 2018 ఫిబ్రవరి 28న రవాణా ఒప్పందం మీద, ఒప్పుకున్న పరిమాణం పంపనందుకు 463 కోట్ల డాలర్లు కట్టమంది. రెండు తీర్పులనూ చెల్లు వేయగా ఉక్రెయిన్ సంస్థ నాఫ్తోగాజ్‌కు రావలసినది 256 కోట్ల డాలర్లుగా తేలింది. తీర్పు వచ్చిన రోజు వార్తల్లో 463 కూడా కనిపించింది, 256 కూడా కనిపించింది. ఏది మొత్తమో, ఏది నికరమో చూసుకోవాలి.

అంతర్జాతీయ చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆచరణలో దాని బలం తక్కువ. 1994 నాటి ఎనర్జీ చార్టర్ ఒప్పందంలోని 7వ అధికరణం, వివాదం తేలేదాకా దారిచ్చే దేశం ప్రవాహాన్ని ఆపకూడదనీ, రాజీకర్త తాత్కాలిక రుసుము నిర్ణయించవచ్చనీ చెబుతుంది. రష్యా దానిపై సంతకం చేసింది, ధ్రువీకరించలేదు, ధ్రువీకరించేదాకా దాన్ని పాటించే తాత్కాలిక వర్తింపు నుంచి కూడా 2009లో తప్పుకుంది.

వేరే దారి ఎవరికుంది

చివరిగా, నిజానికి అన్నిటికంటే ముందు వేయవలసిన ప్రశ్న ఇది. ప్రవాహం ఆగితే ఎవరు ఎన్ని రోజులు తట్టుకోగలరు? 2006లో యూరప్‌కు వెళ్లే రష్యన్ గ్యాస్‌లో దాదాపు 80 శాతం ఉక్రెయిన్ మీదుగానే వెళ్లేది. 2011లో బాల్టిక్ సముద్రం అడుగున నార్డ్ స్ట్రీమ్, 2020లో నల్లసముద్రం అడుగున టర్క్‌స్ట్రీమ్ మొదలయ్యాక దారిచ్చే దేశం మాటకు బరువు తగ్గుతూ వచ్చింది. మరోవైపు 2014 సెప్టెంబరులో స్లొవేకియా నుంచి గ్యాస్ వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు మొదలయ్యాక, అమ్మే దేశం మాటకు ఉన్న బరువు కూడా తగ్గింది. ధర ఎంత అన్న వాదన పైకి కనిపిస్తుంది, ఈ గొట్టాలు ఎవరి వైపు ఎన్ని ఉన్నాయన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

అల్జీరియా, మొరాకోల కథ దీన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. 1996 నుంచి మొరాకో మీదుగా స్పెయిన్‌కు గ్యాస్ మోసిన మగ్రెబ్-యూరప్ పైప్‌లైన్‌లో మొరాకో తన వాటాను ప్రధానంగా గ్యాస్ రూపంలోనే తీసుకునేది. 2011లో అల్జీరియా నుంచి నేరుగా స్పెయిన్‌కు సముద్రం అడుగున మెడ్‌గాజ్ సిద్ధమైంది. 2021 ఆగస్టులో రెండు దేశాల దౌత్య సంబంధాలు తెగిపోయాయి, అక్టోబరు 31న గడువు ముగిసిన రవాణా ఒప్పందాన్ని అల్జీరియా పునరుద్ధరించలేదు. ధర మీద పెద్ద బేరమే జరగలేదు, వేరే దారి ఉన్నవారికి బేరం అవసరం రాలేదు. మరుసటి ఏడాది నుంచి మొరాకో అదే గొట్టంలో స్పెయిన్ వైపు నుంచి వెనక్కి గ్యాస్ తెచ్చుకుంటోంది.

గ్యాస్ రూపంలో రుసుము తీసుకునే దేశాలకు ఇంకో ఇబ్బంది ఉంది: గ్యాస్ ధర పెరిగితే వారి రాబడి దానంతట అదే పెరుగుతుంది, కనుక అమ్మే దేశం దాన్ని నగదుకు మార్చాలని చూస్తుంది. ఆర్మేనియాకు వెళ్లే రష్యన్ గ్యాస్‌లో పదో వంతు తీసుకునే జార్జియా 2017లో నగదు చెల్లింపుకు ఒప్పుకోవలసి వచ్చింది. ఇలాంటి మార్పు వార్త చూసినప్పుడు నగదు రుసుమును ఆనాటి గ్యాస్ ధరతో భాగించి, మునుపటి వాటాలో అది ఎంత మిగిలిందో చూడండి.

గడువు తేదీని రాసి పెట్టుకోండి

రాజీ కుదిరిన రోజు వార్తను ముక్కలు చేసి నాలుగు పద్దుల్లో రాసుకున్నాక, ఐదో గడిలో గడువు తేదీ వేయండి. 2019 డిసెంబరు చివర గాజ్‌ప్రోమ్ స్టాక్‌హోం తీర్పు సొమ్మును వడ్డీతో కలిపి సుమారు 290 కోట్ల డాలర్లు చెల్లించింది, ఉక్రెయిన్‌తో కొత్త రవాణా ఒప్పందం కుదిరింది: 2020లో 6,500 కోట్ల ఘనపు మీటర్లు, తరువాత 2024 దాకా ఏడాదికి 4,000 కోట్లు, ఈసారి షిప్ ఆర్ పే పద్ధతిలో. పాత బాకీ పద్దు మూసుకుంది, రుసుముకు రక్షణ వచ్చింది, పరిమాణం సగానికి పైగా తగ్గింది. ఆ కాగితంలోనే ముగింపు తేదీ కూడా ఉంది. మధ్యలో యుద్ధం మొదలైనా గ్యాస్, ముందుకంటే సన్నగా, పారుతూనే వచ్చింది. 2025 జనవరి 1 ఉదయం సుద్జా మీటరు దగ్గర ప్రవాహం సున్నాకు చేరింది.